అప్పలనరసమ్మ ముక్కు

అత్తగారికి వాసన తెలియడం లేదని ఇందుమతి మూడేళ్లు బాధపడింది. తీరా తెలిశాక, ఎందుకు తెలిసిందిరా భగవంతుడా అని తల పట్టుకోవడానికి ఆమెకి మూడు నెలలు కూడా పట్టలేదు.

"గుమ్మంలోనే ఆగు," అంది అప్పలనరసమ్మ, ఆ సాయంత్రం కోడలు చెప్పులు విప్పుతుండగానే. "కేంటీన్లో బజ్జీ తిన్నావు. ఆ నూనె నిన్నటిది కాదు, మొన్నటిది. నీ పక్కన ఎవుళో జొరంతో కూకున్నారు. ముందు తానం సేసి రా."

"అత్తయ్యా, పొద్దుటినుంచీ నిలబడి పనిచేసి వచ్చాను. ఒక్క గ్లాసు మంచినీళ్లు తాగి వెళ్తాను."

"ఆ నీళ్లు తాగకు. టేంకీలో బల్లి సచ్చినాది."

ఇందుమతి బ్యాగుని నేలమీద పడేసింది. ఆమె భర్త సింహాద్రి హార్బర్లో క్రేన్ నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి, బొగ్గు కంపు వదల్లేదని తల్లి పంపితే రెండోసారి కూడా స్నానం చేసి, తడి తువ్వాలుతో మెట్లమీద కూర్చుని ఉన్నాడు. నిచ్చెన వేసుకుని ట్యాంకులోకి తొంగిచూసింది కూడా అతనే.

"ఉంది," అన్నాడు నీరసంగా. "నిజంగానే ఉంది బల్లి."

అదే ఇందుమతికి ఒళ్లు మండే సంగతి. ఆవిడ అన్న మాట ఒక్కటైనా అబద్ధం అయితే, ఛాదస్తం అని సరిపెట్టుకోవచ్చు. అన్నీ నిజాలే అవుతున్నాయి.

అప్పలనరసమ్మ ఒకప్పుడు విశాఖలోని ఆ కాలనీ మొదట్లో కర్రీ పాయింటు నడిపేది. భర్త పోయాక ఆ రేకుల షెడ్డు మీదే కొడుకుని పెంచింది. ఆవిడ గుత్తివంకాయ కోసం రెండు స్టాపుల ముందే బస్సు దిగిపోయేవాళ్లు ఉండేవారు. ఒక వేసవిలో విషజ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. తాలింపు మాడి పొగలు కక్కుతున్నా ఆవిడకి తెలిసేది కాదు. పాచిపోయిన పప్పు అమ్మిందని ఒకాయన రోడ్డుమీద నిలబడి కేకలు వేసిన రోజున షెడ్డుకి తాళం పెట్టేసింది. ఆ తర్వాత రోజంతా టీవీకి ఎదురుగా కూర్చునేది. కరెంటు పోయినా అలాగే కూర్చునేది.

ఇందుమతి యూనివర్సిటీలో మాలిక్యులర్ బయాలజీ విభాగంలో పాఠాలు చెబుతుంది, పరిశోధన చేస్తుంది, ఏటా కాంట్రాక్టు పొడిగించమని అర్జీ పెట్టుకుంటుంది. ఆ విభాగానికి పొడుగాటి వరండా. వరండాలో నాలుగు గదులు, నాలుగు బోర్డులు: కణ విభజన, జన్యు నియంత్రణ, కణ సంకేతాలు, నాడీ కణాలు. ఒక బోర్డు కిందివాళ్లు ఇంకో బోర్డు కిందివాళ్ల ఫ్రిజ్ తెరిస్తే ఆ పంచాయితీ విభాగాధిపతి దక్షిణామూర్తి గారి దాకా పోయేది. ఇందుమతి పని ఈ నాలుగింటికీ చెందినది. కాబట్టి ఏ గదిలోనూ ఆమెకి చోటు దొరకలేదు. వరండా చివర జిరాక్స్ మిషను పక్కన బల్ల వేసుకుంది.

ముక్కు లోపల, పైకప్పున, వేలిగోరంత చోట వాసన పట్టే కణాలు ఉంటాయి. అవి రాలిపోతుంటే అడుగునున్న మూలకణాలు కొత్తవాటిని మొలిపిస్తుంటాయి. కొన్ని జ్వరాల తర్వాత ఆ మూలకణాలు మొద్దునిద్ర పోతాయి. వాటిని తట్టిలేపే పదార్థం ఒకటి ఇందుమతి తయారుచేసింది. వాసన పోయిన ఎలుక ముక్కులో కొన్నాళ్లు ఆ చుక్కలు వేసింది. ఒక ఉదయం ఆ ఎలుక రంపపుపొట్టు అడుగున పాతిపెట్టిన పల్లీపట్టీని తిన్నగా వెళ్లి తవ్వి తీసి, వెనకకాళ్ల మీద కూర్చుని కొరుక్కుతింది.

ఆ రోజు నాలుగు గదులవాళ్లూ జిరాక్స్ మిషను దగ్గరికి వచ్చారు. కణాలు విభజన చెందాయి కనుక ఇది మా పని అన్నారు విభజనవాళ్లు. జన్యువులు మేలుకున్నాయి కనుక మాది అన్నారు నియంత్రణవాళ్లు. సంకేతం లేనిదే ఏ కణమూ కదలదు అన్నారు సంకేతాలవాళ్లు. ముక్కులో ఉన్నవి నాడీ కణాలేనని నాడీవాళ్లు గుర్తుచేశారు. దక్షిణామూర్తి గారు అందరి పేర్లూ కాగితం మీద చేర్చి, పైన తన పేరు రాసుకున్నారు.

మనుషుల మీద పరీక్షకి అనుమతి వచ్చింది. ఒక ఆస్పత్రిలో వాసన పోయినవాళ్లని ఎంపిక చేశారు. చివరి నిమిషంలో ఒకాయన భయపడి మానేశాడు. సొంతవాళ్లని తీసుకోకూడదన్న నిబంధన గుర్తుచేస్తూనే ఇందుమతి అత్తగారి సంగతి చెప్పింది.

"అత్తగారు రక్తసంబంధం కాదు కదమ్మా," అన్నారు దక్షిణామూర్తి గారు. "వెయ్యండి చుక్కలు."

అందరికీ వాసన మామూలుగానే తిరిగొచ్చింది. అప్పలనరసమ్మకీ మొదట అలాగే వచ్చింది. "సిమ్మాద్రీ, ఎవుళింట్లోనో ఇంగువేస్తన్నార్రా!" అని ఆవిడ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, కొడుకుని పట్టుకుని భోరుమంటే, తను చదివిన చదువంతా ఈ ఒక్క పూట కోసమే అనుకుంది ఇందుమతి.

కానీ మిగతావాళ్లకి ఆగినచోట ఆవిడకి ఆగలేదు. చుక్కలు మానేసినా కణాలు మొలుస్తూనే ఉన్నాయి. మనిషిలో వాసనకి సంబంధించిన జన్యువులు చాలావరకు ఏనాడో మూగబోయాయి. అప్పలనరసమ్మ ముక్కులోంచి తీసిన రవ్వంత చర్మాన్ని పరీక్షిస్తే, ఆ మూగవి ఒక్కొక్కటే నోరు విప్పుతున్నట్టు తేలింది.

ఇందుమతి ఆ ఫలితాలు పట్టుకుని వరండా అంతా తిరిగింది. విభజన ఆగకపోవడానికి కారణం సంకేతం అన్నారు విభజనవాళ్లు. సంకేతం సరిగ్గానే ఉంది, జన్యువుల్ని చూసుకోండి అన్నారు సంకేతాలవాళ్లు. జన్యువులు చెప్పినట్టు వింటాయి, చెప్పిందెవరో కనుక్కోండి అన్నారు నియంత్రణవాళ్లు. నాడీవాళ్లు తలుపు తియ్యలేదు.

"మొన్న అందరిదీ అయిన పని ఇవాళ ఎవరిదీ కాకుండా పోయిందా సార్?" అని అడిగింది దక్షిణామూర్తి గారిని.

"సైన్సులో తొందర పనికిరాదమ్మా," అన్నారాయన.

ఇంట్లో మాత్రం అంతా తొందరే. రేపు విరగబోయే పాలని అప్పలనరసమ్మ ఇవాళే పారబోసేది. పక్కింటి కొత్తకోడలు ఇంకా మొగుడికైనా చెప్పని నెలతప్పిన కబురుని ఈవిడే గోడమీంచి ఆ పిల్ల అత్తగారికి చెప్పేసింది. ఎదురింటి వరహాలమ్మని పిలిచి, "మీ ఆయన మగ్గిపోయిన సీతాఫలం వాసనొస్తన్నాడు, డాట్టరుకి సూపించు" అంది. వరహాలమ్మ నానా మాటలూ అని వెళ్లిపోయింది. తరవాతి వారం ఆమె భర్త కాలేయం చెడిపోతోందని, తొలిదశలోనే కనిపెట్టారని తెలిసి, అరటిపళ్ల గెలతో తిరిగొచ్చింది.

ఆ గెల వచ్చిన మర్నాటినుంచి గేటు దగ్గర మనుషులు చేరడం మొదలైంది. ఆయాసమున్నవాళ్లు, అనుమానమున్నవాళ్లు, పెళ్లిచూపులకి ముందు అబ్బాయి చొక్కా పట్టుకొచ్చినవాళ్లు.

"ఇది ఇల్లా, ల్యాబా?" అని సింహాద్రి పెళ్లాం మీద కేకలేశాడు. "నాలుగు చుక్కలేస్తే అమ్మ కూర వండుకుంటుందన్నావు. ఇప్పుడు వండదు, మనం వండితే వంకలు పెడుతుంది. నేను పక్కన కూర్చుంటే లేచిపోతుంది."

"నేనేం కావాలని చేశానా? మీ అమ్మే కదా ఆ షెడ్డు వంక చూసి ఏడ్చేది!"

"ఏడిస్తే ఏడవనివ్వాల్సింది!"

అప్పలనరసమ్మకి మొదట్లో ఇదంతా బాగానే ఉంది. తన గుమ్మం ముందు మళ్లీ జనం నిలబడ్డారు. దక్షిణామూర్తి గారు కారు పంపి ఆవిడని విభాగానికి రప్పించుకున్నారు. ఆస్పత్రినుంచి తెచ్చిన కేన్సర్ రోగుల చొక్కాల ముక్కలు కొన్ని, మంచి ఆరోగ్యంతో ఉన్నవాళ్లవి కొన్ని, గాజుసీసాల్లో పెట్టి వరసగా ఉంచితే, ఆవిడ మూతలు తీసి వాసన చూసి, ఇది ఊపిరితిత్తులది, ఇది రొమ్ముది, ఇది మంచిది అని వేరుచేసేది. ఒక్కటీ తప్పలేదు. యంత్రాలకి అందనిది ఈవిడకి అందుతోందని దక్షిణామూర్తి గారు పెద్దపెద్దవాళ్లకి ఫోన్లు చేశారు.

అప్పుడే గౌరి అనే అమ్మాయి వచ్చింది. చంకలో పాలుతాగే పిల్ల. జలుబు తగ్గడం లేదని పిల్లని చూపించడానికి వచ్చింది. అప్పలనరసమ్మ పిల్లని చూసి, ఏమీ లేదంది. గౌరి సంతోషంగా లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు సూపించుకో తల్లీ. నీ నెత్తుర్లో ఏటో ఉంది."

ఉన్నట్టే తేలింది. నాలుగోనాడు గౌరి మళ్లీ వచ్చి అప్పలనరసమ్మ కాళ్లమీద పడింది. "కనిపెట్టినదానివి నువ్వే, తియ్యగలిగిందీ నువ్వే అమ్మా. నా పిల్ల చిన్నది."

"నాకు వాసన ఒక్కటే తెలుస్తాది తల్లీ. మందు తెల్దు," అని అప్పలనరసమ్మ ఎంత చెప్పినా ఆ అమ్మాయి కాళ్లు వదల్లేదు. ఆఖరికి వాళ్ల అన్న వచ్చి లేపి తీసుకెళ్లాడు.

ఆనాటినుంచి ఆవిడ అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్లి దించెయ్యడం మొదలుపెట్టింది. గేటుకి తాళం వేయించింది. కుర్చీ మేడమీదికి మోయించుకుని, సముద్రం గాలికి మొహం పెట్టి కూర్చునేది. కొడుకు మెట్లెక్కితే, "ఆడే ఆగు" అనేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. ఇందుమతి ఊరుకోలేదు, గుచ్చిగుచ్చి అడిగింది. ఒకరోజు అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆడికాడ కుళ్లు వాసనొస్తంది" అంది.

ఇందుమతి సింహాద్రిని ఆస్పత్రికి ఈడ్చుకెళ్లి, అతను నాకేం లేదు మొర్రో అంటున్నా వినకుండా, నెత్తురు, ఊపిరితిత్తులు, పొట్ట, అన్నీ పరీక్ష చేయించింది. ఏమీ లేదు. దుక్కలా ఉన్నాడన్నారు.

"ఇప్పుడు నీ మనసు కుదుటపడిందా?" అన్నాడు సింహాద్రి, సూదిపోటు పడిన చెయ్యి రుద్దుకుంటూ. "సెలవు పెట్టి మరీ పొడిపించుకున్నాను."

అదే వారంలో విభాగంలోనూ లెక్క తప్పింది. దక్షిణామూర్తి గారు బయటినుంచి వచ్చిన అతిథులని కూర్చోబెట్టి సీసాలు పెట్టించారు. అప్పలనరసమ్మ మొదటి సీసా మూత తీసి, "కుళ్లు" అంది. రెండోదీ అదే అంది. మూడోది ఆరోగ్యంగా ఉన్న ఒక విద్యార్థి చొక్కా. అదీ కుళ్లే అంది. అతిథులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లు టీ తాగి వెళ్లిపోయాక వరండాలో రణరంగం మొదలైంది. సీసాలు సరిగా కడగలేదని ఒకరు, గుడ్డముక్కలు కలిసిపోయాయని ఒకరు, అసలు మొదట్నుంచీ ఈ పని మా అభిప్రాయం తీసుకోకుండానే జరిగిందని ఇంకొకరు. దక్షిణామూర్తి గారు ఇందుమతి వైపు తిరిగి, "మీ అత్తగారు కావాలని చేస్తున్నారా?" అన్నారు.

ఇందుమతికి కోపం నషాళానికి అంటింది. ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికెళ్లి, అప్పుడే వేడిలో శుద్ధిచేసి తీసిన ఖాళీ సీసా ఒకటి తెచ్చి, మూత తీసి అత్తగారి ముక్కు దగ్గర పెట్టింది.

"ఇందులో?"

అప్పలనరసమ్మ వాసన చూసి, మొహం పక్కకి తిప్పుకుంది. "ఇందులోనూ అదే."

"ఇందులో ఏమీ లేదు అత్తయ్యా. గాజు తప్ప ఏమీ లేదు."

"మరైతే గాజే కుళ్లిపోయినాదేమో నాకేటి తెలుసు!" అని ఆవిడ విసుక్కుంది. "అంతటా అదే. మేడమీద అదే. బువ్వలో అదే. నువ్వు దగ్గరికొస్తే నీకాడా అదే."

ఇందుమతి ఖాళీ సీసా పట్టుకుని నిలబడిపోయింది. మేడమీద, అన్నంలో, సింహాద్రి దగ్గర, తన దగ్గర, ఇక్కడ గాజులో. అన్నిచోట్లా ఒకటే వాసన. అన్నిచోట్లకీ వెళ్లిన మనిషీ ఒకటే.

సీసా మెల్లిగా బల్లమీద పెట్టింది. "చెప్పులేసుకోండి అత్తయ్యా," అంది. "ఆస్పత్రికి వెళ్దాం."

పెద్దపేగులో గడ్డ. చిన్నదే, ఆపరేషన్ చేసి తియ్యొచ్చు, తర్వాత కొన్నాళ్లు కీమో ఇవ్వాలి అన్నారు డాక్టర్లు. పెరిగే కణాలన్నిటినీ ఆ మందు కొడుతుంది. జుట్టు మళ్లీ వస్తుంది. కానీ అంతగా అలిసిపోయిన ముక్కు మూలకణాలు మళ్లీ లేవడం కష్టమని ఇందుమతికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ శరీరంలోకి ఇదివరకు వెళ్లిన చుక్కల్లో ఏముందో కచ్చితంగా తెలిస్తే తప్ప కీమో మొదలుపెట్టలేమని కూడా అన్నారు డాక్టర్లు.

ఆపరేషన్ బాగానే జరిగింది. చుక్కల సంగతి దగ్గరే బండి ఆగిపోయింది. ఆ వివరాలు విభాగానివి. పేటెంటు ఇంకా చేతికి రాలేదు. ఇందుమతి చేతితో కలిపిన మందే అయినా, బయటికి ఇవ్వాలంటే దక్షిణామూర్తి గారి సంతకం కావాలి.

"ఇస్తానమ్మా, ఎందుకివ్వను," అన్నారాయన. "రెండు నెలలు ఆగమనండి. కీమో మొదలైతే ఆ ముక్కు పోతుంది. ప్రపంచంలో అలాంటిది అదొక్కటే. మిగిలిన సీసాలు పూర్తిచేద్దాం. గడ్డ తీసేశారు కదా, ఇప్పుడు ఆవిడ సరిగ్గానే చెప్పగలరు."

"గడ్డ తీశారు సార్, విత్తనాలు మిగిలున్నాయేమోనని కదా మందు. ఆవిడకి ఇంకా ఆ వాసన వస్తూనే ఉంది."

"రెండు నెలలే అంటున్నాను. మీ కాంట్రాక్టు సంగతి కూడా నేను చూసుకోవాలి కదా."

ఇందుమతి ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, గిన్నెలు ఎత్తెత్తి పడేస్తూ కడిగింది. ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి, ఏ కమిటీకి రాయాలి, ఆ కమిటీ ఎన్నాళ్లకి కూర్చుంటుంది అని లెక్కలు వేసింది. అప్పలనరసమ్మ కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. పొట్టమీద చెయ్యి వేసుకుని అంతా విని, "నన్నోపాలి ఆయనకాడికి తీసుకెల్లు" అంది.

దక్షిణామూర్తి గారు లేచి నిలబడి కుర్చీ వేయించారు. సైన్సు గురించి, జాతి గురించి కొంతసేపు మాట్లాడారు. అప్పలనరసమ్మ వింటూ కూర్చుంది. విని విని, బల్ల మీంచి కొంచెం ముందుకి వంగి, ఒకసారి ముక్కు ఎగబీల్చింది. ఆయన మాట ఆగిపోయింది.

ఆవిడ ఇంకోసారి ఎగబీల్చి, వెనక్కి వాలి, ఆయన వంక జాలిగా చూసింది.

"ఏమిటమ్మా?" అన్నారాయన.

"ఏటీ లేదు బావూ."

"లేదు, చెప్పండి. పర్వాలేదు. ఏం వాసన?"

"ఏటీ లేదన్నాను కదా. పిల్లలెంతమంది బావూ?"

దక్షిణామూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. ఒంట్లో బాగాలేని మనిషిని రెండు నెలలు ఆపడం ఎంత ఘోరమో ఆయనకి ఆ క్షణంలో తెలిసొచ్చినట్టుంది. గుమాస్తాని పిలిచి కాగితం తెప్పించుకుని, నిలబడే సంతకం పెట్టి ఇందుమతి చేతికిచ్చారు. వాళ్లు వరండా దాటకముందే ఆయన కారు బయటికి వెళ్లిపోయింది.

ఆటోలో ఇందుమతి ఉండబట్టలేక అడిగింది. "నిజంగా ఆయనకేమైనా ఉందా అత్తయ్యా?"

"నాకెలగ తెలుస్తాదే? నాకందరికాడా నా కంపే కదా వచ్చేది!" అంది అప్పలనరసమ్మ. పొట్ట పట్టుకుని, కుట్లు లాగకుండా నవ్వడానికి నానా అవస్థా పడింది.

కీమో మూడో విడతకి ఆవిడ జుట్టు ఊడిపోయింది. నాలుగో విడత నాటి మధ్యాహ్నం సింహాద్రి ఇంటినుంచి క్యారేజీ తెచ్చి మూత తీశాడు. ఆవిడ గిన్నెలోకి వంగి చూసింది. ఇంకొంచెం వంగింది. పప్పుచారు ఆవిరి మొహానికి తగులుతోంది, అంతే.

ఇందుమతి భయంతో ఆవిడ మొహం వంకే చూస్తోంది. మూడేళ్లు చూసిన ఆ టీవీ ముందు మొహం మళ్లీ వస్తుందేమోనని.

"పోయినాది," అంది అప్పలనరసమ్మ. కాసేపు అలాగే గిన్నె వంక చూసింది. చూసి, ఇంకో గరిటె వేయించుకుంది. "సిమ్మాద్రీ, అలగ గోడకాడ నిలబడతావేటి? ఇలగొచ్చి కూకో."

పక్క మంచం మీద సూరీడమ్మ అనే ఆవిడ ఉంది. అనకాపల్లి దగ్గర్నుంచి వచ్చింది. మందులన్నీ అయిపోయాయి, వ్యాధి పోయిందో లేదో తేల్చే స్కాన్ రేపు. పొద్దుటినుంచి పళ్లెంలో అన్నం ముట్టలేదు. ఆవిడ కొడుకు బతిమాలి బతిమాలి విసిగి బయటికి వెళ్లిపోయాడు. నర్సులు చెప్పుకోగా విన్నదేమో, చాలాసేపు తటపటాయించి, మంచం దిగి, సెలైన్ స్టాండు తోసుకుంటూ వచ్చింది.

"అమ్మా, నీకు వాసనబట్టి తెలిసిపోద్దంట గదా. ఓసారి నా సంగతి జెప్పమ్మా. ఉందా, పోయిందా?"

అలాంటి ముక్కు ఇప్పుడు లేదని చెప్పడానికి ఇందుమతి నోరు తెరిచింది. అప్పలనరసమ్మ అప్పటికే గిన్నె పక్కన పెట్టి, సూరీడమ్మ భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది. మెడదగ్గర ఒకసారి, గుండెదగ్గర ఒకసారి, తీరిగ్గా, కళ్లు మూసుకుని వాసన చూసింది.

"పోయినాది," అంది. "ఏటీ లేదు. ఎల్లి బువ్వ తిను."

సూరీడమ్మ చేతులు జోడించి, స్టాండు తోసుకుంటూ వెనక్కి వెళ్లింది.

"ఏమిటత్తయ్యా ఇది!" ఇందుమతి గొంతు తగ్గించింది గానీ, కోపం తగ్గలేదు. "రేపు స్కాన్లో ఇంకోలా వస్తే? అప్పుడావిడ మొహం ఎలా చూస్తారు? ఎందుకా అబద్ధం?"

"రేపు రేపొస్తాది," అంది అప్పలనరసమ్మ, చారులో అన్నం కలుపుకుంటూ. "ఆ గౌరికి నిజిం సెప్పాను. ఏటి సేసినాను ఆ పిల్లకి? ఈవిడ ఇయ్యాల మద్దేన్నం బువ్వ తినాల. అంతే."

ఇందుమతి ఇంకా ఏదో అనబోయింది. పక్క మంచం మీద పళ్లెం చప్పుడైంది. సూరీడమ్మ పొడి అన్నం మొదటి ముద్ద పెట్టుకుని, మింగలేక నీళ్ల కోసం చూస్తోంది.

ఇందుమతి విసురుగా లేచింది. క్యారేజీలో మిగిలిన చారు తీసుకెళ్లి ఆవిడ పళ్లెంలో పోసింది.